ప్రచార విరామం గారూ, ఈసారి చెప్పకుండా రండి

ప్రచార విరామం గారికి నమస్కారాలు.

ఏదైనా ఘోరం జరిగితే లీడర్లు ఎన్నికల ప్రచారం ఆపేశామని మిమ్మల్ని పిలుస్తారు కదా, అలా మీరు ఎప్పుడొచ్చినా చేతిలో మైకు, వెనక నాలుగు కెమెరాలు ఉంటాయి, నాకు అదే అర్థం కాదు. నోరు మూసుకోడానికి వచ్చినవాళ్ళకి మైకెందుకండీ? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడు ఇంకొకడు అని పాత సామెత, పాపం వాడు మోటు మనిషి, పైకే అడిగేశాడు. మీ పరిచయం అయ్యాక లీడర్లకి తెలివి పెరిగింది, ఇప్పుడు కాలుతున్న ఇంటి ముందే ప్రెస్ మీట్ పెట్టి "ఈ విషాదంలో నేను ఇవాళ చుట్ట కాల్చకూడదని నిర్ణయం తీసుకున్నాను, అవతలి పార్టీ ఆయన మాత్రం కాలుస్తూనే ఉన్నాడు, ప్రజలు గమనించాలి" అంటున్నారు.

మీ ఆగమనానికి ఒక పోస్టు కూడా వస్తుంది కదా. నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఎడమ పక్క మూలలో చిన్న కొవ్వొత్తి, కుడి పక్కంతా చేతులు జోడించిన లీడర్ గారు, కింద పార్టీ గుర్తు. పోయినవాళ్ళ గురించి ఒక లైను, ఆయన ఎంత కదిలిపోయారో మూడు లైన్లు. ఓసారి జూమ్ చేసి చూశా, కొవ్వొత్తి కంటే గుర్తే పెద్దగా ఉంది.

2008 సెప్టెంబర్ 24 మీకు గుర్తుండే ఉంటుంది, మీ కెరీర్‌లో అది పెద్ద రోజు. అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసి తొమ్మిది రోజులు. అధ్యక్ష పదవికి ఒబామా మీద పోటీలో ఉన్న మెకెయిన్ గారు టీవీలోకి వచ్చి ప్రచారం ఆపేస్తున్నా, ఎకానమీ సంగతి చూడ్డానికి వాషింగ్టన్ వెళ్తున్నా, శుక్రవారం ఒబామాతో డిబేట్ కూడా వాయిదా వేద్దాం అన్నారు. ఆ సాయంత్రం లెటర్‌మన్ కామెడీ టాక్ షోకి రావాల్సిన మనిషి, అర్జెంటుగా బయల్దేరాలి అని ఫోన్ చేసి మానేశారు. తీరా చూస్తే ఆయన అదే న్యూయార్క్‌లో, అదే ఛానెల్ వాళ్ళ న్యూస్ స్టూడియోలో, యాంకర్ కేటీ కూరిక్‌కి ఇంటర్వ్యూ ఇవ్వడానికి మేకప్ వేయించుకుంటూ దొరికిపోయారు. లెటర్‌మన్ ఊరుకుంటాడా, ఆ ఫీడ్ తెప్పించి తన షోలోనే వేసేసి ఎయిర్‌పోర్ట్‌కి లిఫ్ట్ కావాలా అని వెటకారం. రెండ్రోజులకే మీరు సెలవు తీసుకున్నారు, 26న మిసిసిపీలో డిబేట్ జరగనే జరిగింది. మునుగుతున్న బ్యాంకుల్ని ఆదుకోడానికి తెచ్చిన 700 బిలియన్ డాలర్ల బిల్లేమో 29న ప్రతినిధుల సభలో 205-228తో ఓడిపోయి, అక్టోబర్ 3కి గానీ పాస్ కాలేదు. ఆయన ఆగారని బిల్లేం పరిగెత్తలేదండీ.

పైగా ఆపితే ఆ యాడ్లు ఆపండి, విరాళాల విందులు ఆపండి, డిబేట్ ఎందుకండీ ఆపడం! దేశం మునిగిపోతుంటే నువ్వేం చేస్తావయ్యా అని అడగడానికి మాకున్నదే ఆ ఒక్క గంటన్నర.

సరే, తిట్టడానికే రాయలేదు. మీరు మర్యాదగా వచ్చిన రోజులూ ఉన్నాయి. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీ ప్రచార సభ దగ్గరే చనిపోయారు, మిగతా విడతల పోలింగ్ జూన్ 12, 15 తేదీలకి జరిపారు, అప్పుడు మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. 2016 జూన్‌లో బ్రిటన్ ఎంపీ జో కాక్స్‌ని చంపేసినప్పుడు బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అనే ఓటింగ్‌లో రెండు వర్గాలూ ప్రచారం ఆపేశాయి, తర్వాత ఆమె సీటుకి ఉపఎన్నిక వస్తే మిగతా పెద్ద పార్టీలు పోటీకే దిగలేదు. అదీ ఆగడం అంటే, సీటు వదులుకుని మరీ ఆగడం.

కానీ ఆ మరుసటి ఏడాదే మీ అసలు రంగు బయటపడింది. 2017 జూన్ 3 రాత్రి లండన్ బ్రిడ్జ్ దాడి, 8న బ్రిటన్ పార్లమెంటుకి పోలింగ్, పెద్ద పార్టీలన్నీ మిమ్మల్ని పిలిచాయి. మర్నాడు పొద్దున్నే థెరెసా మే డౌనింగ్ స్ట్రీట్ గుమ్మం ముందు నిలబడి టెర్రరిజం మీద ఏమేం మారాలో నాలుగు పాయింట్లు చెప్పారు, అది ప్రచారం కాదు, ప్రధాని ప్రసంగం! ఆ సాయంత్రం ప్రతిపక్ష నేత కార్బిన్ పోలీసు ఉద్యోగాల కోత సంగతి ఎత్తితే మాత్రం శవ రాజకీయం. కుర్చీలో ఉన్నవాడికి మీరు మేనమామ, బయట ఉన్నవాడికి సవతి తల్లి. కుర్చీలో ఉన్నాయన వరద చూడ్డానికి వెళ్తే డ్యూటీ, లేనాయన వెళ్తే టూరిజం.

మరి నిజంగా రావాల్సిన చోటికి ఎందుకు రారు మీరు? 2021 ఏప్రిల్, బెంగాల్‌లో ఎనిమిది విడతల ఎలక్షన్, బయట సెకండ్ వేవ్, జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు. 16న ఎలక్షన్ కమిషన్ ఆర్డర్ ఇచ్చింది, సాయంత్రం 7 నుంచి పొద్దున 10 దాకా సభలు బంద్ అని. వైరస్‌కి నైట్ డ్యూటీ అన్నమాట, పగలంతా పడుకుంటుంది. 17న అసన్‌సోల్ సభలో ప్రధాని ఇంత జనాన్ని ఎప్పుడూ చూడలేదని సంబరపడ్డారు. 18న రాహుల్ గాంధీ బెంగాల్ సభలు రద్దు చేసుకున్నారు, మంచిదే గానీ అక్కడ ఆయన పార్టీకి ఆపుకోడానికి పెద్ద ప్రచారం ఏముందిలెండి, చివరికి ఒక్క సీటూ రాలేదు. ఇక రోడ్‌షోలు వద్దు, సభకి 500 మంది మించొద్దు అని కమిషన్ చెప్పేసరికి 22వ తేదీ, ఆరో విడత పోలింగ్ అయిపోయింది. మీరప్పుడు ఎక్కడున్నారు సార్? మీక్కూడా క్వారంటైనా?

నా అర్జీ చిన్నది. ఈసారి వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పకండి. మైకు దానంతటదే ఆగిపోవాలి, ఏంటి రెండ్రోజుల నుంచి చప్పుడు లేదు అని మేమే అనుకోవాలి. అడిగే ప్రశ్నల జోలికి మాత్రం రాకండి.

ఇట్లు,
ఒక ఓటరు

తా.క. ఈ ముక్కలు రాస్తుండగా ఫోన్ మోగింది, రికార్డెడ్ వాయిస్. "ఈ కష్టకాలంలో మేము మా ప్రచారాన్ని పూర్తిగా నిలిపివేశామని తెలియజేయుటకు చింతిస్తున్నాము. ఈ సందేశం మళ్ళీ వినడానికి ఒకటి నొక్కండి."