సవరణ: విశాఖ విమానం జెట్ కాదు, షార్‌కు ఊరికే వెళ్తే కుదరదు

విజయవాడ నుంచి పిల్లలతో వెళ్లదగ్గ విమాన, అంతరిక్ష మ్యూజియంల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న టీయూ-142ను జెట్ యుద్ధవిమానం అన్నాను. కాదు. అది సముద్రంపై నిఘా వేసి జలాంతర్గాములను వేటాడే నౌకాదళ విమానం. 1988 నుంచి 2017 దాకా పనిచేసింది. దానివి నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, అంటే ప్రొపెల్లర్లను తిప్పే టర్బైన్ ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, అవి ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఫొటోలో ప్రొపెల్లర్లు అంత స్పష్టంగా కనిపిస్తున్నా జెట్ అని ఎలా రాశానో! తప్పు పట్టింది మా ఏడో తరగతి అబ్బాయే. జలాంతర్గాములను వేటాడే విమానానికి ఎదురుగానే కురుసుర జలాంతర్గామి ఉండటం వాడికి భలే నచ్చింది.

రెండోది, శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం షార్. సూళ్లూరుపేటలో రైలు దిగి నేరుగా వెళ్లి రాకెట్ ప్రయోగం చూడొచ్చన్నాను. కుదరదు. సందర్శకుల గ్యాలరీకి ఇస్రో ఆన్‌లైన్‌లో అవకాశం ఇచ్చినప్పుడు ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. పైగా ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి, తిరుగు టికెట్లు అప్పుడే తీసుకోకండి. నా మాట నమ్మి తీసుకున్నవాళ్లుంటే క్షమించాలి.