‘తినే ఫ్లేవరే కదా, ఏం కాదు’ అనే మెసేజ్‌కు మందుల షాపు నుంచి జవాబు

పోయిన నెల ఒక సాయంత్రం ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లవాడు మా షాపుకు వచ్చి ఫోన్‌లో ఒక లిస్టు చూపించాడు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే తేట ద్రవం, సూది లేని సిరంజీలు రెండు. మహబూబ్‌నగర్‌లో 18 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. గ్లిజరిన్ అడిగేవాళ్లు చలికాలంలో చాలామందే ఉంటారు, కాళ్ల పగుళ్లకు తీసుకుపోతారు. ప్రొపిలీన్ గ్లైకాల్ కావాలని వచ్చిన మొదటి మనిషి ఈ పిల్లవాడే. ఎందుకు బాబూ అంటే కాసేపు నసిగాడు. తర్వాత తనకు వచ్చిన మెసేజే తెరిచి నా ముందు పెట్టాడు. “తినే ఫ్లేవరేనన్నా, ఏం గాదు” అన్నాడు.

ఆ మెసేజ్ అప్పటి నుంచి నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది. బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్‌ను వేప్ అంటారు, అందులో పోసి వేడిచేసి పీల్చే ద్రవం వేప్ జ్యూస్. మెసేజ్ సారం ఇది: “ఫ్రూట్ కస్టర్డ్ వేప్ జ్యూస్ ఇంట్లోనే చేసుకోండి. అన్నీ తినే ఫ్లేవర్లే. పొగాకు లేదు, నికోటిన్ లేదు, ఉత్త ఆవిరి. కలిపి రెండు మూడు వారాలు చీకట్లో ఉంచితే కమ్మగా అవుతుంది. ఇంగ్లండ్ డాక్టర్లే సిగరెట్ బదులు వేప్ తాగమంటున్నారు. ఇంట్లో చేసుకుంటే కేసు ఉండదు. ఆరు నెలలుగా తాగుతున్నా, నాకేం కాలేదు.” కింద ఏది ఎంత కలపాలో కొలతలు. ఆ కొలతలు నేను ఇక్కడ రాయను. మిగతా ఒక్కో మాటకు నాకు తెలిసిన జవాబు చెబుతాను.

ముందు ‘జ్యూస్’ అనే పేరు. మన పాలమూరులో కస్టర్డ్ అనగానే సగం మందికి సీతాఫలం (కస్టర్డ్ యాపిల్) గుర్తొస్తుంది. బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉంది, దసరా ముందు రోడ్డు పొడుగునా గంపలు పెట్టి అమ్ముతారు. ఆ పిల్లవాడు కూడా ఇది సీతాఫలం వాసనే అనుకున్నాడు. ఆ సీసాలో సీతాఫలం లేదు, మామిడి లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. అరటిపండు వాసనకు ఐసోఎమైల్ ఎసిటేట్, అనాసపండు లాంటి వాసనకు ఇథైల్ బ్యూటిరేట్, కస్టర్డ్‌కు వెనీలిన్, దానికి తోడు వెన్న వాసన ఇచ్చే ఇంకో రెండు మూడు రసాయనాలు ఉంటాయి. రసాయనం అనగానే విషమని నేను అనడం లేదు. ఇవి కేకులో, ఐస్‌క్రీములో పడేవే. పండు రసం అనుకుని మాత్రం ఎవరూ మొదలుపెట్టకూడదు.

‘అన్నీ తినేవే’ అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పిల్లలు నమ్మేది దీన్నే.

తిన్నది కడుపులోకి పోతుంది. అక్కడ ఆమ్లం ఉంటుంది, తర్వాత పేగులు, ఆ తర్వాత లివర్. ఒళ్లంతా పాకేలోపు శరీరం దాన్ని విరిచి, వడకట్టి, పనికిరానిది బయటికి పంపుతుంది. ఊపిరితిత్తుల్లో ఈ ఏర్పాటు లేదు. అక్కడ కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి. వాటి గోడ మన వెంట్రుకతో పోల్చినా ఎన్నో రెట్లు పలచన, ప్రాణవాయువు దాటిపోవాలి కాబట్టి. అక్కడికి చేరింది నేరుగా ఆ గోడ మీద పడుతుంది. అన్నం మెతుకు తినేదే, అయినా పొలమారితే ప్రాణం ఎంత గిలగిలలాడుతుందో అందరికీ తెలుసు.

నా షాపులోనే ఉదాహరణ ఉంది. విటమిన్ ఈ క్యాప్సూల్స్ రోజూ అమ్ముతాను. మింగుతారు, ఆడపిల్లలు కత్తిరించి మొహానికి రాసుకుంటారు, ఏమీ కాదు. అదే విటమిన్ ఈ ఎసిటేట్‌ను 2019లో అమెరికాలో గంజాయి నూనె వేప్‌లలో చిక్కదనం కోసం కలిపారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రిలో చేరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది అని అక్కడి ప్రభుత్వం లెక్క చెప్పింది. అందులో మరణాలు 68. ఎక్కువ కేసులు గంజాయి నూనెవే, మామూలు ఫ్లేవర్ జ్యూస్‌వి కావు, అది దాచను. కానీ మింగితే మందు అయిన వస్తువు పీల్చితే ఏం చేసిందో చూడండి. చాలావరకు అది స్నేహితుల చేతుల మీదుగా, దొంగచాటుగా అమ్మేవాళ్ల దగ్గర నుంచి వచ్చిన సరుకే.

ఇక కస్టర్డ్ సంగతి. వెన్న వాసన ఇచ్చే రసాయనాల్లో పేరున్నది డయాసిటైల్. పెరుగు చిలికితే వచ్చే వెన్నకు ఆ కమ్మదనం ఇవ్వడంలో దానికీ భాగం ఉంది. మనం తరతరాలుగా తింటున్నాం. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జాస్పర్ అనే ఊళ్లో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి ఒకే రకం ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. సన్నని గాలి గొట్టాలు లోపల మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు అది. మచ్చకట్టిన గొట్టం మళ్లీ తెరుచుకోదు. వాళ్లు పాప్‌కార్న్ తిని జబ్బుపడలేదు. ఫ్యాక్టరీ గాల్లో వెన్న ఫ్లేవర్ ఆవిరి పీల్చి పడ్డారు.

2015లో హార్వర్డ్ పరిశోధకులు వేప్ ఫ్లేవర్లు 51 రకాలు పరీక్షిస్తే 39 రకాల్లో డయాసిటైల్ దొరికింది. “మాది డయాసిటైల్ ఫ్రీ” అని సీసా మీద రాస్తారు కదా అంటారు. దాని బదులు చాలామంది వాడింది ఎసిటైల్ ప్రొపియోనిల్. అది డయాసిటైల్‌కు సొంత తమ్ముడి లాంటిది, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో గాలి గొట్టాలకు అదే తరహా దెబ్బ కనిపించింది. సిగరెట్ పొగలో కూడా డయాసిటైల్ ఉంటుందని ఎదురు వాదిస్తారు. ఉంటుంది, నిజమే. సిగరెట్ తాగనివాడు కస్టర్డ్ వాసన కోసం దాన్ని ఎందుకు పీల్చాలన్నదే నా ప్రశ్న. ఆహారంలో ఫ్లేవర్ల భద్రత చూసే అమెరికా ఫ్లేవర్ తయారీదారుల సంఘమే, తాము చెప్పేది తినడానికే వర్తిస్తుంది, పీల్చడానికి కాదు అని స్పష్టంగా చెప్పింది.

కిరాణా కొట్టులో దొరికే కేకు ఎసెన్స్ చాలంటాడు ఒకడు. అందులో రంగు ఉంటుంది. చాక్లెట్ చేసేవాళ్లకు అమ్మే కొన్ని ఫ్లేవర్లు నూనెలో కలిపినవి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా వేరే రకం, యాంటీబయాటిక్‌కు తగ్గదు.

‘ఉత్త ఆవిరి’. జలుబు చేస్తే వేడినీళ్లలో రెండు చుక్కలు జిందా తిలిస్మాత్ వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టుకోని ఇల్లు మన దగ్గర లేదు. ఆవిరి అనగానే ఆ గిన్నె కళ్లముందు మెదులుతుంది, అందుకే ఈ మాట ఇంత బాగా పనిచేస్తోంది. గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. వేప్‌లో జ్యూస్‌తో తడిసిన దూదిని వేడిచేసే తీగ 200 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. బయటికి వచ్చేది నీటి ఆవిరి కాదు, గ్లిజరిన్, గ్లైకాల్, ఫ్లేవర్ల సన్నని తుంపర. దూది ఎండి తీగ ఇంకా వేడెక్కితే గ్లిజరిన్ విరిగి అక్రోలిన్ అవుతుంది. మిర్చి బజ్జీల బండి దగ్గర నూనె మాడినప్పుడు కళ్లు మండి దగ్గొస్తుంది చూడండి, ఆ ఘాటులో ఉండేది ఇదే. ఫార్మాల్డిహైడ్ కూడా పుడుతుంది. తీపి కోసం కలిపే సుక్రలోజ్ తీగ మీద మాడి పేరుకుంటుంది, ఆ మాడు తర్వాతి ప్రతి పీల్పులోనూ ఉంటుంది.

‘కలిపి ఉంచితే కమ్మగా అవుతుంది’ అన్న మాటను ఎవరూ అనుమానించరు, ఆవకాయ ఊరినట్టు అనుకుంటారు. సీసాలో జరిగేది వేరు. వెనీలిన్‌లో కొంత ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి ఎసిటాల్ అనే కొత్త రకం రసాయనంగా మారుతుంది. 2018లో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల వాళ్లు దీన్ని చూపించారు. ఈ ఎసిటాల్స్ పీల్చే తుంపరలోకి కూడా వస్తాయి, గాలి గొట్టాల్లో మంట పుట్టించే నరాలను వెనీలిన్ కన్నా ఎక్కువ రెచ్చగొడతాయి. అంటే మూడు వారాల తర్వాత మీ చేతిలో ఉన్నది మీరు కలిపింది కాదు, తినే వస్తువుల జాబితాలో ఉన్నదీ కాదు.

‘నికోటిన్ లేదు’ అని మొదలుపెట్టిన మెసేజ్ చివర్లోనే “కిక్కు కావాలంటే నికోటిన్ బేస్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి” అని ఉంది. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడ. బేస్ అంటే గాఢమైన నికోటిన్ ద్రవం, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా గాఢతతో ఉంటుంది. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మన రైతులకు ఇది చెప్పనక్కర్లేదు, పేనుబంకకు పొగాకు కషాయం కొట్టినవాళ్లే. పురుగును చంపే ఆ గుణం నికోటిన్‌దే. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది కూడా చర్మం గుండా ఇది దిగడం వల్లే.

ఇప్పుడు ఆ సీసాకు మామిడిపండు వాసన, కస్టర్డ్ వాసన కలపండి. ఇంట్లో రెండేళ్ల పాప ఉందనుకోండి. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది బాబు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాడు. ఆ తర్వాతే అమెరికాలో ఆ సీసాలకు పిల్లలు తెరవలేని మూతలు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మన ఇళ్లలో కలిపింది పాత సిరప్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతారు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, 108కి ఫోన్ చేయండి, సీసా వెంట తీసుకెళ్లండి.

‘మెడికల్ షాపులో దొరికేవే’ అని ఆ పిల్లవాడు అన్నాడు. షాపులో దొరక్కపోతే డబ్బా సరుకు ఆన్‌లైన్‌లో తెప్పిస్తారని నాకు తెలుసు. పరిశ్రమలకు పోయే గ్లైకాల్, గ్లిజరిన్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కల్తీగా కలిసే ప్రమాదం ఉంటుంది. 2022లో గాంబియాలో దగ్గు సిరప్‌లు తాగి దాదాపు 70 మంది పిల్లలు కిడ్నీలు పోయి చనిపోయిన వార్త మీరు చదివే ఉంటారు, ఆ సిరప్‌ల పరీక్షల్లో దొరికింది ఇదే. చూడటానికి తేటగా, తియ్యగా ఉంటుంది. ల్యాబ్ లేకుండా ఎవరూ పట్టలేరు. కల్తీ కల్లులో ఏం కలుపుతారో చూసిన జిల్లా మనది. ఎవరో తెలియని చేతులు కలిపిన దాన్ని నమ్మితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా?

ఇంగ్లండ్ డాక్టర్ల మాట అబద్ధం కాదు, సగం నిజం. అక్కడ సిగరెట్ మానలేని పెద్దవాళ్లకు, మానడానికి సాయంగా వేప్‌ను సూచిస్తారు. సిగరెట్ కన్నా దీనితో హాని తక్కువని కూడా అంటారు. ఆ డాక్టర్లే తాగని వాళ్లను, పిల్లలను దాని జోలికి పోవద్దంటారు. అక్కడ అమ్మే నికోటిన్ జ్యూస్‌లో ఆ నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, డయాసిటైల్ నిషేధం. ఆ నియమాల్లో ఒక్కటీ హాస్టల్ గదిలో సిరంజితో కలిపిన సీసాకు లేదు.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో ఈ-సిగరెట్ల నిషేధ చట్టం 2019లో వచ్చింది. నికోటిన్ ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. తయారీ, అమ్మకం, రవాణా, పంపిణీ, ప్రకటన నేరం. మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ. ఇంట్లో తాగినందుకు శిక్ష అని అందులో లేదు, మెసేజ్ పట్టుకు వేలాడేది ఈ ఒక్క మాటనే. కానీ నలుగురికి కలిపిచ్చి డబ్బులు తీసుకునే కుర్రాడు, రీల్ పెట్టి ఊరించే కుర్రాడు తాము ఏ సెక్షన్ కిందికి వస్తారో తెలుసుకోవాలి.

‘ఆరు నెలలుగా తాగుతున్నా, ఏం కాలేదు’. మా అమ్మమ్మ వాళ్లది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. చిన్నప్పుడు సెలవులకు పోతే బోరింగ్ నీళ్లు తాగేవాళ్లం. తేటగా, చల్లగా ఉండేవి. ఆరు నెలలు కాదు, ఆరేళ్లు తాగినా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ముందు పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపించాయి. ఎముకల నొప్పులు, వంగిన నడుములు ఎన్నో ఏళ్లకు బయటపడ్డాయి. ఫ్లోరైడ్ అని తెలిసేసరికి మా మేనమామ నడుము నిటారుగా నిలవడం మానేసింది. నీళ్లు తాగకుండా వాళ్లు బతకలేరు, వాళ్లకు దారి లేదు. కస్టర్డ్ పొగ పీల్చకుండా ఈ పిల్లలు బతకగలరు.

ఆ పిల్లవాడికి నేను గ్లైకాల్ తెప్పించి ఇవ్వలేదు. మాటల్లో తెలిసింది, అతను రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతున్నాడు, మానాలని ఉంది, ఇంట్లో తెలుస్తుందేమోనని టెన్షన్. 1800-11-2356 నంబరు రాసిచ్చాను. అది పొగాకు మానాలనుకునే వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్. నికోటిన్ చూయింగ్ గమ్ గురించి డాక్టరుతో మాట్లాడమని చెప్పాను. దాన్ని మామూలు గమ్‌లా నమలకూడదు, కొంచెం నమిలి ఘాటు తగలగానే చెంప పక్కన పెట్టుకోవాలి. చాలామందికి ఈ సంగతి తెలియక వికారం వచ్చి వదిలేస్తారు.

ఇప్పటికే ఇలాంటి జ్యూస్ కలిపి పీల్చినవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. పొడి దగ్గు తగ్గకపోయినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, ఛాతీ పట్టేసినట్టున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు వేప్ సంగతి దాచకండి. అమెరికాలో మొదట వచ్చిన కేసులను చాలాచోట్ల మామూలు న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఏం పీల్చారో, ఎన్నాళ్లుగానో, అందులో ఏమేం కలిపారో చెప్పి, ఆ సీసా కూడా డాక్టరు ముందు పెట్టండి.