ఆ వెల్డింగ్ మెరుపులకు చప్పట్లు కొట్టేవాళ్లకో దండం

ఇప్పుడే ఒక రీల్ కంటపడింది. 1950ల నాటి బోనెట్ లారీ క్యాబిన్, కింద కొత్త చాసిస్. ఒకాయన బ్యాటరీ వైరు కూడా తీయకుండా, ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటర్) కనెక్టర్లు పీకకుండా, చాసిస్ పై ఫ్లాంజ్ (దూలం పై అంచు) మీదే క్యాబిన్ బ్రాకెట్ పెట్టి వెల్డింగ్ లాగించేస్తున్నాడు. వెనక హీరో ఎంట్రీ మ్యూజిక్. కింద "పనితనం అంటే ఇదీ అన్నా" అని కామెంట్లు.

అయ్యా, అది గేటు ఊచ కాదు. పెద్ద లారీల చాసిస్ రైళ్లు, అంటే పొడవునా ఉండే రెండు ఇనుప దూలాలు, చాలావాటికి హీట్ ట్రీట్ చేసిన స్టీలు వాడతారు. దాని యీల్డ్, అంటే శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి, 1,10,000 నుంచి 1,20,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా ఉంటుంది. వెల్డింగ్ వేడి తగిలిన మేరా ఆ బలం పోయినట్టే. పైగా లోడుకి రైలు వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పైనా కిందా ఉన్న ఫ్లాంజుల మీదే. అక్కడ వెల్డింగ్ చుక్క పడినా, బెజ్జం పడినా పగులు అక్కణ్ణుంచే మొదలు. బ్రాకెట్ రైలు నిలువు భాగానికి కూర్చోవాలి. బెజ్జం డ్రిల్‌తోనే వేయాలి, 10.9 గ్రేడు ఫ్లాంజ్ బోల్టులు వాడాలి. గ్యాస్ కట్టర్‌తో బెజ్జం కొట్టే మహానుభావుల జోలికి ఇవాళ వెళ్లను, బీపీ పెరుగుతుంది.

అది చాలదన్నట్టు క్యాబిన్‌ని నాలుగు మూలలా బిర్రుగా బిగించేశాడు. గుంతలో దిగినప్పుడు చాసిస్ మెలితిరుగుతుంది, తిరగాలి కూడా, దాన్ని చేసిందే అలా. నాలుగు చోట్లా కదలకుండా కట్టేస్తే ఆ మెలి అంతా క్యాబిన్ రేకు మోయాలి. ముందు డోర్లు సరిగ్గా పడవు, తర్వాత పిల్లర్ల మొదట్లో చీలికలు, ఆ తర్వాత అద్దం. ముందు రెండు రబ్బరు మౌంట్లు, వెనక మధ్యలో ఒక పివట్ పెడితే ఈ గొడవే లేదు. కొత్త చాసిస్‌కి క్యాబిన్ వెనక భాగాన్ని మోసే ఎయిర్ బ్యాగు సస్పెన్షన్ ఉంటే అదే వాడుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు. కాకపోతే అప్పుడు క్యాబిన్ కదులుతుంది కాబట్టి స్టీరింగ్ షాఫ్ట్‌కి జారే స్ప్లైన్ (పొడవు పెరిగి తగ్గే పళ్ల జాయింటు) ఉండాలి, రెండు క్రాసులూ (షాఫ్ట్ వంగే కీళ్లు) ఫేజ్‌లో, అంటే ఒకే వరుసలో కూర్చోవాలి. లేదంటే క్యాబిన్ ఎగిరిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలో గుంజుతుంది.

ముందు గ్రిల్ సంగతి సరేసరి. పాత గ్రిల్ సన్నం. కొత్త ఇంజను పవరు రెండింతల పైమాటే, రేడియేటర్ ముందు ఛార్జ్ ఎయిర్ కూలర్ (టర్బో నుంచి ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) ఒకటి. "బోనెట్‌లో పట్టట్లేదు" అని చిన్న రేడియేటర్ వేస్తే మొదటి ఎత్తులోనే ఇంజను పవరు తగ్గించేస్తుంది. చుట్టూ సందులు మూయకపోతే వేడి గాలే మళ్లీ తిరిగొస్తుంది. పైన పటారం, లోన లొటారం.

అసలు నా కడుపుమంట రేడియేటర్ మీద కాదు. డోనర్ లారీ (కొత్త చాసిస్, ఇంజను ఇచ్చే లారీ) రాగానే దాని క్యాబిన్‌ని తుక్కు కింద అమ్మేసేవాళ్లు ఉన్నారే, వాళ్ల మీద. ఆ క్యాబిన్‌లో ఏముందో తెలుసా? మీటర్ క్లస్టర్, ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్, రెండు సర్క్యూట్ల ఎయిర్ బ్రేక్ వాల్వు, పార్కింగ్ బ్రేక్ వాల్వు, మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట). పాత క్యాబిన్‌లో అన్నీ అమరి ఇంజను స్టార్ట్ అయ్యేదాకా డోనర్‌లో స్క్రూ కూడా బయటికి పోకూడదు. ప్రతి కనెక్టర్‌కీ చీటీ కట్టాలి. జె1939 లైను, అంటే లారీలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను, మెలివేసిన రెండు వైర్లు, రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (రెసిస్టర్లు). బ్యాటరీ తీసి ఆ రెండు వైర్ల మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక టెర్మినేటర్ గల్లంతు. ఎక్కడికి పోయి ఉంటుందంటారు? తుక్కుకి పోయిన క్యాబిన్‌లో వెతుక్కోండి.

పాత మీటర్లే కావాలంటే వాటికి వేరే సెండర్లు (మీటర్‌కి లెక్క పంపే సెన్సార్లు) వేసుకోండి, లేదా క్యాన్ లైను చదివే కన్వర్టర్ పెట్టుకోండి. ఇంజను సెన్సార్ వైరు కోసి పాత గేజికి ముడేస్తే ఈసీఎంకి తప్పుడు లెక్క పోతుంది.

ఇంత చెప్పాక కూడా ఇన్‌బాక్స్‌లోకొచ్చి "వార్నింగ్ ల్యాంపు ఆరట్లేదు, బల్బు పీకెయ్యొచ్చా అన్నా" అంటారు. పీకెయ్ తమ్ముడూ. ఏబీఎస్ బల్బు కూడా పీకెయ్. ఏబీఎస్ పనిచేయకపోయినా దీపం వెలగదు కాబట్టి రీల్‌లో ఎవరికీ కనబడదులే.