ఎమర్జెన్సీలో 12 గంటలు: ‘ఫ్రీ వైద్యం అంటే ఇంతే’ అన్న మెసేజ్‌కి నా జవాబు

చలికాలం రాగానే ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలైంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్ల గ్రూపులో వచ్చింది, మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి గుంటూరు నుంచి మా పెద్దమ్మ కూడా పంపించి “నిజమేనట్రా?” అని అడిగింది. అందులో ఉన్నది ఇదీ: “లండన్‌లో ఎమర్జెన్సీకి వెళ్తే 12 గంటలు కూర్చోబెడతారు. ఫ్రీ వైద్యం అంటే ఇంతే. జలుబుకీ దగ్గుకీ అందరూ ఎగబడతారు, అసలు రోగులు చస్తారు. తెలివైనవాళ్లు అంబులెన్స్‌లో వెళ్లి క్యూ తప్పించుకుంటారు. మన ఇండియాలో అయితే పది నిమిషాల్లో డాక్టరు చూస్తాడు.”

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. లండన్ అనే కాదు, ఇంగ్లండ్ అంతటా అదే పరిస్థితి. 2025 జనవరిలో, అడ్మిట్ చేయాలని తేల్చాక కూడా బెడ్ కోసం 12 గంటలకు పైగా ఎదురుచూసినవాళ్లు 61 వేల మందికి పైనే. ఇందులో ఒక కిటుకుంది. ఈ లెక్కలో గడియారం తిరగడం మొదలయ్యేది మనం గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు కాదు, ‘ఈ పేషెంటుని అడ్మిట్ చేయాలి’ అని డాక్టరు నిర్ణయించినప్పుడు. అంతకుముందు ప్లాస్టిక్ కుర్చీలో గడిపిన గంటలు అందులో కలవవు. వచ్చిన క్షణం నుంచి కట్టిన లెక్కని నెలనెలా బయటపెట్టడం 2023లో గానీ మొదలుకాలేదు.

ప్రాణాలు పోతున్నాయన్నదీ నిజమే. 50 లక్షలకు పైగా రోగుల రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. వార్డుకి చేరడం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆలస్యమైతే, అలాంటి ప్రతి 82 మందికి ఒక మరణం చొప్పున, నెల తిరక్కుండానే అదనంగా జరుగుతోందని తేల్చింది. దాన్ని ఆధారం చేసుకుని ఇక్కడి ఎమర్జెన్సీ డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ 2024 సంవత్సరానికి వేసిన అంచనా 16,600 పైచిలుకు మరణాలు. కాబట్టి ‘ఏం ఫరవాలేదు, అంతా బాగుంది’ అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. రోగం ఉందన్న మాట నిజం, మెసేజ్ చెప్పిన కారణమే తప్పు.

‘ఫ్రీ కాబట్టి ఇంతే’ అన్నది చూద్దాం. ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ, 1948 నుంచీ ఉచితమే. నాలుగు గంటల్లోపు చూసి, ఇంటికి పంపడమో అడ్మిట్ చేయడమో తేల్చెయ్యాలన్న నియమం 2000 తర్వాత పెట్టారు. 2010కి ముందు కొన్నేళ్లపాటు నూటికి దాదాపు 98 మందికి అలాగే జరిగింది. అప్పుడేమైనా కౌంటర్లో డబ్బు కట్టించుకున్నారా? అదే ఆసుపత్రి, అదే ఉచితం. 2010లో ఆ లక్ష్యాన్ని 95 శాతానికి దించారు. దాన్నైనా దేశం మొత్తం మీద ఆఖరిసారి అందుకున్నది 2015 జులైలో. ఆ తర్వాత 76 చాలన్నారు, 78 చాలన్నారు. పాస్ మార్కులు తగ్గిస్తే పిల్లాడు పాసైనట్టే ఉంది వ్యవహారం.

అటు అమెరికా చూడండి. అక్కడ ఎమర్జెన్సీకి వెళ్తే వచ్చే బిల్లు చూసి గుండెనొప్పి రావాలి. అయినా అడ్మిట్ అయినవాళ్లు వార్డులో చోటు లేక కారిడార్‌లో స్ట్రెచర్ల మీద గంటలు గంటలు పడి ఉండటం అక్కడా మామూలే. దానికి ‘బోర్డింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. డబ్బు తీసుకుంటే క్యూ పోయేటట్టయితే అమెరికాలో ఈ మాటే పుట్టేది కాదు.

(అమ్మానాన్నల్ని విజిట్ వీసా మీద పిలిపించుకునేవాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చేసే వైద్యం వాళ్లకీ ఉచితమే. అడ్మిట్ చేశారంటే మాత్రం మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు బిల్లు పడుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా టికెట్ బుక్ చేయకండి.)

ఇక జలుబు, దగ్గు. అందరూ తలూపే పాయింటు ఇదే, అన్నిటికన్నా తప్పు కూడా ఇదే. జలుబుతో వచ్చినవాడికి బెడ్ అక్కర్లేదు. వాడు కుర్చీలో కూర్చుంటాడు, నర్సు చూస్తుంది, మందు రాయించుకుని పోతాడు. చాలాచోట్ల అలాంటివాళ్లని పక్కనే ఉన్న వేరే సెంటర్‌కి పంపేస్తారు. కారిడార్లో ట్రాలీల మీద ఉన్నది వాళ్లు కాదు. న్యుమోనియా వచ్చిన ముసలివాళ్లు, తుంటి విరిగినవాళ్లు, అంటే వార్డుకి వెళ్లాల్సినవాళ్లు. వార్డు ఖాళీ లేదు. 1987-88లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో దాదాపు 2 లక్షల 99 వేల బెడ్లు ఉండేవి, 2019-20 నాటికి అవి లక్షా 41 వేలకి వచ్చాయి. తగ్గించినదంతా తప్పని అనను, ఒకప్పుడు వారం ఉంచే ఆపరేషన్లకి ఇప్పుడు సాయంత్రానికే ఇంటికి పంపుతున్నారు. కానీ జనాభా పెరిగింది, వయసు మీద పడ్డవాళ్లు పెరిగారు. పైగా ఉన్న బెడ్లలోనే చలికాలంలో సగటున రోజుకి 12 వేలకు పైగా మంది నయమై కూడా కదల్లేక ఉంటున్నారు. ఇంట్లో చూసుకునే కేరర్ దొరకడు, కేర్ హోమ్‌లో చోటు దొరకదు. తూము మూసేసి, చెరువు పొంగిందని వానని తిడితే ఎలా?

రెండేళ్ల కిందట మా ఆవిడ గాల్‌బ్లాడర్‌లో రాళ్లతో మెలికలు తిరిగిపోతుంటే తీసుకెళ్లాను. డాక్టరు చూడటం, స్కాన్ చేయడం, అడ్మిట్ చేయాలనడం అన్నీ మూడున్నర గంటల్లో అయిపోయాయి. తొమ్మిది గంటలు పట్టింది ఆ తర్వాత, వార్డులో బెడ్ రావడానికి. ఆ బెడ్ ఎలా వచ్చిందో నర్సే చెప్పింది: ఎప్పుడో కోలుకుని, ఇంటికి కేరర్ దొరక్క మూడు వారాలుగా అక్కడే ఉన్న ఒక పెద్దాయన ఆ పొద్దున డిశ్చార్జి అయ్యాడట. మేం కూర్చున్న హాల్లో దగ్గుతున్న కుర్రాడు మాకన్నా ముందే ఇంటికెళ్లిపోయాడు. వాడివల్ల మాకు పది నిమిషాలు కూడా నష్టం లేదు.

అంబులెన్స్ చిట్కా మాత్రం ప్రమాదకరమైన సలహా. ఎలా వచ్చారన్నది కాదు, ఎంత సీరియస్ అన్నదే చూస్తారు. దీన్ని ట్రయాజ్ అంటారు. ఇంగ్లండ్‌లో ఎక్కువగా వాడే మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులు: ఎరుపు అయితే తక్షణం, నారింజ అయితే పది నిమిషాలు, అలా నీలం దాకా. అంబులెన్స్‌లో దిగినా రంగు నీలమైతే వెళ్లి హాల్లోనే కూర్చోవాలి. అసలు అంబులెన్సులే లోపల చోటు లేక ఆసుపత్రి బయట వరుసగా ఆగి ఉంటున్నాయి. గుండెపోటు, పక్షవాతం అనుమానం ఉన్న కేసులకి బండి సగటున 18 నిమిషాల్లో చేరాలన్నది నియమం. 2022 డిసెంబరులో ఆ సగటు గంటన్నర దాటింది. క్యూ తప్పించుకుందామని మీరు పిలిపించుకున్న బండి కోసం ఇంకెవరో ఛాతీ పట్టుకుని చూస్తుంటారు.

మిగిలింది ‘మన ఇండియాలో పది నిమిషాలు’. చేతిలో డబ్బో, మంచి ఇన్సూరెన్సో ఉండి కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కితే నిజమే. కానీ పది నిమిషాలు ఏ గుమ్మం నుంచి లెక్క? ఊళ్లోని పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్‌కో హైదరాబాద్ గాంధీకో రిఫర్ చేస్తే దారిలో గడిచేది కూడా వెయిటింగే, కాకపోతే అది హాల్లో కాదు, రోడ్డు మీద. 1992లో పశ్చిమ బెంగాల్లో రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని బెడ్ లేదనీ, సదుపాయం లేదనీ ఒకదాని తర్వాత ఒకటిగా పలు ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేర్చారు. ఇది జీవించే హక్కుని కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లో చెప్పి, పరిహారం ఇప్పించింది. అంతకుముందే 1989లో, యాక్సిడెంట్ కేసయినా సరే పోలీసుల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని చెప్పింది. ఇక 2021 మేలో, కోవిడ్ రోగులతో ఏపీ నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సుల్ని తెలంగాణ సరిహద్దులో ఆపేస్తే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ గంటల్ని ఏ లెక్కలో వేశారు? ఇంగ్లండ్‌ని ‘12 గంటలు’ అని తిట్టగలుగుతున్నామంటే ఇక్కడ ఎవరో లెక్కపెట్టి ప్రతి నెలా అచ్చేస్తున్నారు కాబట్టే.

ఇదంతా పెద్దమ్మకి ఫోన్లో చెప్పాను. అంతా విని, “మీ పెదనాన్నకి ఆయాసం వచ్చినప్పుడు రాత్రంతా మూడు ఆసుపత్రులు తిప్పాం కదరా, గుర్తుందా?” అంది. కాసేపాగి, “మూడోదాంట్లో మాత్రం పది నిమిషాల్లోనే చూశార్లే” అంది.