లాగ్ ఫైలు చదవడం మన సంప్రదాయం కాదు

ఈ మధ్య కొంతమంది కుర్రాళ్ళు టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్) లేవకపోతే నేరుగా వెళ్ళి, ఏం జరిగిందో అది రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చదివేస్తున్నారని తెలిసి మనసుకి చాలా కష్టంగా అనిపించింది. పెద్దవాళ్ళు లేరా, సీనియర్లు లేరా, అడగడానికి వాట్సాప్ గ్రూపు లేదా, ఏకంగా ఆ లాగ్ ఫైలు కెటలినా డాట్ అవుట్ తెరిచేయడమేనా? ఇలా వదిలేస్తే రేపు ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదివే రోజులు కూడా వస్తాయి, ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కాబట్టి నేను చెప్తున్నా.

లినక్స్ సర్వర్ మీద టామ్‌క్యాట్ లేవకపోతే ఏం చెయ్యాలో మన దగ్గర ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది. ముందు రీస్టార్ట్ కొట్టాలి, లేవకపోతే మొత్తం మెషీన్ రీబూట్ చెయ్యాలి, అప్పటికీ లేవకపోతే ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మోడ్ 777, అంటే ఎవరైనా ఏమైనా చేసుకునే అనుమతి, ఇచ్చెయ్యాలి, తర్వాత ఫైర్‌వాల్ ఆపాలి, లినక్స్ కాపలాదారు ఎస్‌ఈ లినక్స్‌ని ఆపాలి, ఆఖరికి సర్వాధికారాలున్న రూట్ యూజర్‌తో లేపాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు జ్వరమా నడుం నొప్పా అని అడక్కుండా అందరికీ ఒకటే ఇంజెక్షన్ పొడిచినట్టు రోగం ఏదైనా మందు ఇదే, లేచి నడిచాడా లేదా అన్నదే ముఖ్యం గానీ దేనికి తగ్గిందో ఎవడిక్కావాలి.

ఇందులో రూట్‌తో లేపడం అనేది చాలా ముందుచూపు ఉన్న పని. ఒక్కసారి రూట్‌తో, టామ్‌క్యాట్‌ని లేపే స్క్రిప్ట్ స్టార్టప్ డాట్ ఎస్‌హెచ్ నడిపితే చాలు, లాగ్స్, వర్క్, టెంప్ ఫోల్డర్లలో కొత్తగా పుట్టిన ఫైళ్ళన్నీ రూట్ సొంతం అయిపోతాయి, ఇక మర్నాడు టామ్‌క్యాట్ యూజర్‌తో సర్వీస్‌గా లేపితే పాపం తన లాగ్ ఫైల్లో తనే రాసుకోలేక పర్మిషన్ డినైడ్ అని పడిపోతుంది. చౌన్ ఒక్కసారి కొట్టి ఓనర్‌ని మారిస్తే అయిపోయేదానికి మనం 777 ఇస్తాం. అది పనిచేస్తుంది కూడానండీ, అందుకే ఈ వైద్యం ఇంకా బతికుంది.

స్టార్టప్ డాట్ ఎస్‌హెచ్ మర్యాద గురించి కూడా చెప్పుకోవాలి. జావా దొరికితే చాలు, తర్వాత ఏం జరిగినా సరే అది "టామ్‌క్యాట్ స్టార్టెడ్" అని ప్రకటిస్తుంది. నిజానికి అది చేసేదల్లా జావాని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేసి ఆ లైను ప్రింట్ చెయ్యడమే, తోసిన జావా రెండు సెకన్లలో చచ్చిందా బతికిందా అన్నది దానికి అనవసరం. మనకీ అనవసరమే, ఆ లైను స్క్రీన్‌షాట్ తీసి మెయిల్లో పెట్టి టికెట్ క్లోజ్ చేసేస్తాం.

అసలు గొడవ జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ అనే సెట్టింగ్ దగ్గర వస్తుంది. అబ్బాయి తన లాగిన్‌లో ఎకో కొట్టి చూపిస్తాడు, జావా హోమ్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చేత్తో లేపితే టామ్‌క్యాట్ లేస్తుంది, సర్వీస్‌గా సిస్టమ్‌సీటీఎల్‌తో లేపితే మాత్రం జావా హోమ్ గానీ జేఆర్‌ఈ హోమ్ గానీ డిఫైన్ చెయ్యలేదు అంటుంది. ఎందుకంటే వాడు దాన్ని తన లాగిన్ సెట్టింగుల ఫైలు బాష్‌ఆర్‌సీలో రాసుకున్నాడు, సర్వీసులు లేపే సిస్టమ్‌డీ ఎవరి బాష్‌ఆర్‌సీ చదవదు. సర్వీస్ ఫైల్లో ఎన్విరాన్‌మెంట్ అని ఒక్క లైను రాసి డెమన్ రీలోడ్ కొడితే పోతుంది. కానీ అంత సులువుగా పోతే మన అనుభవానికి విలువేముంది, కాబట్టి ఇంకో జావా ఇన్‌స్టాల్ చేస్తాం. అలా అలా మెషీన్‌లో జావా 8, 11, 17 మూడూ చేరతాయి, టామ్‌క్యాట్ 10.1 కి కనీసం 11 కావాలి, టామ్‌క్యాట్ 11 కి కనీసం 17 కావాలి, డిఫాల్ట్‌గా దొరికేది మాత్రం 8. అప్పుడు క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0 అని ఎర్రర్ వస్తుంది. 61 లోంచి 44 తీసేస్తే 17, అంటే ఇది జావా 17 తో కంపైల్ చేసిన కోడ్ అని అది చెప్తోంది, కానీ లెక్కలు చెయ్యడానికా మనం ఉద్యోగానికి వచ్చింది?

మరీ పట్టుబడితే ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి గ్రూపులో పెట్టొచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. ఎలాగూ ఆ ఫోటోలో అసలు కారణం చెప్పే కాజ్డ్ బై అన్న లైను తప్ప మిగతావన్నీ పడతాయి.

పాత అప్లికేషన్‌ని తెచ్చి టామ్‌క్యాట్ 10 లో పడేసి 404 వస్తోందని నెట్‌వర్క్ వాళ్ళ మీద పడటం ఇంకో ముచ్చట. ఒరాకిల్ ఇలాంటి అప్లికేషన్లకి ఆధారమైన జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చింది గానీ దాని ప్యాకేజీలకున్న జావాఎక్స్ పేరు ఇవ్వలేదు, అందుకని ప్యాకేజీలన్నీ జకార్తా అయ్యాయి, టామ్‌క్యాట్ 10 కి పాత పేర్లు పట్టవు. వెబ్‌యాప్స్-జావాఈఈ అని ఫోల్డర్ చేసి అప్లికేషన్‌ని మూటకట్టిన వార్ ఫైలు అందులో పెడితే అదే మార్చుకుంటుంది, ఇదంతా డాక్యుమెంటేషన్‌లో ఉంది, అందుకే ఎవరికీ తెలీదు.

బ్రౌజర్‌లో పేజీ రాకపోతే మాత్రం పండగే. సర్వర్ లోపల కర్ల్ కమాండ్‌తో టామ్‌క్యాట్ పోర్ట్ 8080 కొడితే వస్తోంది, బయట్నుంచి రావట్లేదు అంటే దారిలో ఫైర్‌వాల్‌డీయో క్లౌడ్ సెక్యూరిటీ గ్రూపో అడ్డు ఉందని అర్థం. దీనికి నాలుగు టీములు కాల్‌లో చేరి మా వైపు అంతా బాగానే ఉందని వరసగా చెప్పుకోవాలి. టామ్‌క్యాట్‌కి ముందు ఇంకో వెబ్ సర్వర్‌గా ఎన్జిన్‌ఎక్స్ పెట్టుకున్నవాళ్ళకి, అది వెనకున్న టామ్‌క్యాట్‌ని అందుకోలేక 502 వస్తుంది, హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ అనే బూలియన్ (ఆన్-ఆఫ్ స్విచ్) ఒకటి ఆన్ చేస్తే ఎస్‌ఈ లినక్స్ ఊరుకుంటుంది, మనం మొత్తం దాన్నే సెట్‌ఎన్‌ఫోర్స్ 0 తో పడుకోబెడతాం. రీబూట్ అయితే మళ్ళీ లేస్తుంది, ఆ రోజు మళ్ళీ ఇంకో కాల్.

చివరిగా టామ్‌క్యాట్‌లోకి అప్లికేషన్లు ఎక్కించే మేనేజర్ పేజీ. అది అనుమతి లేదని 403 ఇస్తూనే ఏ ఫైల్లో యూజర్‌ని ఎలా రాయాలో ఉదాహరణతో సహా చూపిస్తుంది, మనవాళ్ళు జీవితంలో మొదటిసారి ఒక ఎర్రర్ పేజీ చదివి ఆ ఉదాహరణలోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ యథాతథంగా కాపీ కొడతారు, ఆ పేజీని లోకల్‌హోస్ట్‌కే, అంటే ఆ మెషీన్‌కే, పరిమితం చేసే వాల్వ్ కూడా తీసేస్తారు. రూట్‌తో నడుస్తోంది, ఫైర్‌వాల్ లేదు, తలుపులన్నీ 777. ఏ దేశంలోనో కూర్చున్నవాడెవడో వచ్చి తన వార్ ఫైలు డిప్లాయ్ చేసుకుంటాడు, వాడిది మాత్రం మొదటిసారే లేస్తుంది, సీపీయూ నూరు శాతం కొడుతుంది, మనవాళ్ళు స్లోగా ఉందేంటని గ్రూపులో అడిగి సర్వర్ రీస్టార్ట్ చేస్తారు.