కుస్తీని నాటకంగా మార్చినది విన్స్ మెక్‌మాన్ కాదు

పాత ప్రొఫెషనల్ రెజ్లింగ్ అభిమానుల మధ్య ఒక వాదన చాలా కాలంగా తిరుగుతోంది. 1980ల దాకా అమెరికాలో జరిగినది అసలైన కుస్తీ అనీ, ఎక్కడ చూసినా ఒకే తీరున పట్లు, ఎత్తులే తప్ప వేషాలు, డైలాగులు ఉండేవి కావనీ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) సంస్థ అధిపతి విన్స్ మెక్‌మాన్ వచ్చి దాన్ని నాటకంగా మార్చి ప్రాంతీయ సంస్థలను ఒంటిచేత్తో మట్టుబెట్టాడనీ దాని సారాంశం. ఇందులోని బాధ నిజమైనదే గాని, ఆ బాధకు చూపుతున్న కారణాలు చరిత్ర ముందు నిలవవు.

గెలుపోటములు ముందే ఖరారు కావడం 1980లలో పుట్టిన వింత కాదు. 1920లలోనే ఎడ్ 'స్ట్రాంగ్లర్' లూయిస్, అతని మేనేజర్ బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అనే ముగ్గురు కలిసి పోటీలకు కాలపరిమితి పెట్టి, చూడడానికి దూకుడుగా ఉండే ఎత్తులు చేర్చి, ఒక జట్టును ఊరూరా తిప్పే పద్ధతిని నడిపించారు. 1925 జనవరిలో వారు వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి చేతిలో లూయిస్ ఓడిపోయేట్టు చేసి, కుస్తీ అంతంతమాత్రంగా తెలిసిన ఆ మనిషిని ఛాంపియన్‌గా నిలబెట్టారు. అదే ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో మన్‌కు ఓడిపోవలసిన స్టానిస్లాస్ జబిస్కో మాట తప్పి, నిజంగానే కుస్తీ పట్టి అతన్ని చిత్తు చేశాడు. ఓడిపోతానన్న ఒప్పందమంటూ ఉంటేనే కదా దాన్ని మీరడం ద్రోహమయ్యేది! (1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో తలపడి, 1928లో పాటియాలాలో అదే గామా చేతిలో నిమిషమైనా తిరగకముందే ఓడిపోయిన జబిస్కో ఇతడే.) మెక్‌మాన్ సంస్థ 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది వినోదమేనని చెప్పుకున్నది, అదీ క్రీడా కమిషన్ నియంత్రణ నుంచి బయటపడడానికి. గుట్టు విప్పినవాడినే ఆ గుట్టుకు కర్తగా జమకట్టడం న్యాయం కాదు.

వేషాల సంగతికి ఎక్కువ మాటలు అక్కరలేదు. బంగారు రంగు జుట్టును ఉంగరాలు తిప్పుకొని, మెరిసే అంగీ తొడుక్కొని, సేవకుడు ముందుగా రింగులో పన్నీరు చల్లితే తప్ప అడుగుపెట్టని గార్జియస్ జార్జ్ 1940ల చివరలో అమెరికన్ టెలివిజన్‌కు పెద్ద ఆకర్షణ. అప్పటికి మెక్‌మాన్ పసివాడు.

'ఎక్కడ చూసినా ఒకే తీరు' అనేది మాత్రం ఆ పాత కాలాన్ని పొగుడుతున్నట్టు కనిపిస్తూనే దానికి తీరని అన్యాయం చేసే మాట. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్‌లోని ప్రమోటర్లు, అంటే పోటీలు నిర్వహించే వ్యాపారులు, దేశాన్ని తమలో తాము పంచుకున్నారు గనుక, ఎవరి ప్రాంతపు జనానికి నచ్చిన శైలిని వారు పెంచుకున్నారు. న్యూయార్క్‌లో వలస కుటుంబాల అభిమానం మీద ఇటలీలో పుట్టిన బ్రూనో శామ్మార్టినో 1963 నుంచి 1971 దాకా ఛాంపియన్ బెల్టు నిలుపుకున్నాడు. అక్కడ భారీకాయుల బలప్రదర్శనకే ఆదరణ. మినియాపోలిస్‌లో కళాశాల కుస్తీలో పేరు తెచ్చుకున్న ప్రమోటర్ వెర్న్ గాన్యా పట్లతో సాగే కుస్తీకే పెద్దపీట వేశాడు. మెంఫిస్‌లో శనివారం ఉదయం టీవీలో మాటలతో రెచ్చగొట్టి, సోమవారం రాత్రి పోటీలు జరిగే కొలీజియం అనే పెద్ద హాలుకు జనాన్ని రప్పించేవారు. హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్‌తో అక్కడి రెజ్లర్ జెర్రీ లాలర్ 1982లో తలపడినది ఆ గడ్డ మీదే. నా మట్టుకు నాకు మెంఫిస్ గోల అంతగా రుచించదు గాని, నాటకీయత మెక్‌మాన్‌తోనే మొదలైందనేవారు చూడవలసినది ముందుగా దాన్నే.

అమెరికా దాటితే నియమాలే వేరు. బ్రిటన్‌లో బాక్సింగ్‌లో లాగా రౌండ్లు ఉండేవి; కింద పడినవాడి మీద పడి కొట్టడం తప్పు; మూడుసార్లు బహిరంగ హెచ్చరిక అందుకున్నవాడు పోటీ నుంచి వెళ్ళిపోవలసిందే. మెక్సికోలో మూడు విడతల్లో రెండు గెలవాలి, ముసుగును పణంగా పెట్టి పోటీపడడం అన్నిటికన్నా పెద్ద పందెం. 1942 నుంచి వెండి ముసుగులో కనిపించిన రెజ్లర్ ఎల్ శాంతో 1984లో మరణిస్తే ఆ ముసుగుతోనే ఖననం చేశారు. జపాన్‌లో రెజ్లర్ రికిదోజాన్ 1954లో అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులను అరచేతి దెబ్బలతో ఎదుర్కొంటుంటే, యుద్ధంలో ఓడిన ఆ దేశపు ప్రజలు వీధి టీవీల ముందు గుంపులుగా నిలబడి చూశారు. బ్రిటిష్ హాళ్ళలో కుస్తీ నేర్చిన 'డైనమైట్ కిడ్' అనే రెజ్లర్ కెనడాలోని కాల్గరీలో వేగం పెంచుకొని, 1981లో టోక్యోలో 'టైగర్ మాస్క్' అనే జపాన్ ముసుగు రెజ్లర్‌తో తలపడినప్పుడు అక్కడి ప్రేక్షకులకు కొత్తగా తోచినది ఈ శైలుల కలయికే. అన్నిచోట్లా ఒకే కుస్తీ ఉండి ఉంటే అతడు వెంట తీసుకుపోవడానికి ఏముండేది?

ఇక ప్రాంతీయ సంస్థలను ఒంటిచేత్తో కూల్చాడన్న ఆరోపణ. తండ్రి నుంచి 1982లో సంస్థను కొన్న మెక్‌మాన్ పాత సరిహద్దుల ఒప్పందాన్ని లెక్కచేయలేదన్నది నిజమే. కానీ ఆ సరిహద్దులు నిలిచినది స్థానిక టీవీ ప్రసారం ఆ ప్రాంతం దాటి పోలేదు గనుకనే. అట్లాంటాలోని టెడ్ టర్నర్ టీవీ స్టేషన్ 1976 చివర్లో ఉపగ్రహానికెక్కాక జార్జియా కుస్తీ కేబుల్ ఉన్న ప్రతి ఇంటికీ చేరింది, అంటే గోడకు బీటలు అప్పుడే మొదలయ్యాయి. మెక్‌మాన్ ఎదుటి శిబిరంలోని ప్రమోటర్ బిల్ వాట్స్ కూడా 1986లో తన ప్రాంతీయ సంస్థకు పేరు మార్చి దేశమంతటా విస్తరించబోయి, మరుసటి ఏడు జిమ్ క్రాకెట్ అనే మరో ప్రమోటర్‌కు అమ్ముకున్నాడు. అదే దారిన పోయిన క్రాకెట్ 1988లో టర్నర్‌కు అమ్ముకున్నాడు.