పగిలే పెట్టె కాదు, సొట్ట పడే పెట్టె కొనండి

ఒడిశాలోని మా రాయగడ నుంచి విమానం ఎక్కాలంటే ముందు రైలెక్కాలి. గుణుపురం, కాశీపురం వాళ్లయితే అంతకుముందే జీపో బస్సో ఎక్కాలి. బరంపురం వాళ్లు భువనేశ్వర్ దారి పడతారు, మేం విశాఖ దారి పడతాం. జయపురం నుంచి 2022లో తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది గానీ, పనుల మీద హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ తిరిగేవాళ్లకు విశాఖే దిక్కు. అంటే మా చేతిపెట్టె విమానంలో తల మీది అరలో ఉండేది గంటన్నర. దానికి ముందూ వెనకా రైల్లో బెర్తు కింద గొలుసుకు కట్టి నాలుగైదు గంటలు, ఆటో వెనక సీటు సందులో ఇంకాసేపు, వానాకాలమైతే జీపు టాపు మీద టార్పాలిన్ కింద మరికొంతసేపు. విశాఖ నుంచి కొన్ని రూట్లలో తిరిగే ఏటీఆర్ విమానంలో పై అర చిన్నది. మెట్ల దగ్గరే పెట్టె తీసుకుని కింద లగేజీలో వేసేస్తారు. పేరుకే అది చేతిపెట్టె, పడే దెబ్బలన్నీ పెద్ద లగేజీవే.

అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. ఈ సరిహద్దు జిల్లాల్లో ఉంటూ నెలకు రెండు మూడుసార్లు విమానం ఎక్కేవాళ్లు అల్యూమినియం పెట్టే కొనాలి. బరువెక్కువైనా, ధర ఎక్కువైనా అదే కొనాలి.

పండగ సేల్‌లో సగం ధరకు మూడు పెట్టెల సెట్ల గురించి ఇక్కడ ఏకరువు పెట్టను, అవి అందరి ఇళ్లలో ఉన్నవే. ఆరేళ్లలో నేనే మూడు మార్చాను. మొదటిదానికి లాగుడు హ్యాండిల్ లోపల ఇరుక్కుపోయింది. రెండోదానికి జిప్పు పళ్లు పోయాయి. మూడోది మంచి కంపెనీదే, మంచి ధరే పెట్టాను. ఒక రోజు విశాఖలో బెల్టు మీద నుంచి తీసుకుంటే మూల దగ్గర వేలు పట్టేంత పగులు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఆ మోడల్ ఆగిపోయిందనీ, పెంకు దొరకదనీ చెప్పి, కొత్తది కొంటే పది శాతం తగ్గిస్తామన్నారు. వాళ్ల చేతిలో ఉన్నది అంతే కావచ్చు. కానీ నాలుగు చక్రాలూ బాగున్న పెట్టెను, హ్యాండిల్ బాగున్న పెట్టెను, ఒక్క పగులు కోసం పారేయాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టింది. మా ఇంట్లో తాతగారి ఇనప ట్రంకు ఇంకా ఉంది. దాని గొళ్ళెం రెండుసార్లు మార్చారు, అడుగు రేకు ఒకసారి మార్చారు. మా అమ్మ ఇప్పటికీ దుప్పట్లు అందులోనే పెడుతుంది.

మన్నిక అంటే దెబ్బ తగలకపోవడం అనుకుంటాం. దెబ్బ తగలకుండా ఏ పెట్టే ఉండదు. దెబ్బ తగిలాక బాగు చేయించుకోగలిగితే అదే మన్నిక. ఈ ఒక్క లెక్కలో అల్యూమినియానికి పోటీ లేదు.

మంచి పెట్టెల్లో వాడే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ చెడ్డదని నేననను. అది వంగుతుంది, మళ్లీ యథాస్థితికి వస్తుంది, తేలిగ్గా ఉంటుంది. చవక రకాల్లో వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ కంటే ఎంతో నయం. కానీ అది ఓర్చుకున్నంతకాలమే ఓర్చుకుంటుంది. ఒకసారి పగిలితే అతికించేవాడు లేడు. అల్యూమినియం అలా కాదు, దెబ్బకు లోపలికి పోతుంది, సొట్ట పడుతుంది. సొట్టను తీయవచ్చు.

ఇది నా కళ్లతో చూశాను. నాలుగేళ్ల కిందట అల్యూమినియం పెట్టె కొన్నాక, మొదటి ఏడాదే పక్క భాగంలో అరచేతి వెడల్పున సొట్ట పడింది. ఇక్కడ కార్ల డెంటింగ్ చేసే మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్లాను. పెట్టె తెరిచి, లోపలి గుడ్డకున్న జిప్పు లాగి, గుడ్డను పక్కకు తప్పించాడు. ఇసక నింపిన గోనె మూటొకటి కింద పెట్టి, దాని మీద పెట్టెను బోర్లించకుండా పక్కకు వాల్చాడు. లోపలి వైపు నుంచి చెక్క సుత్తితో సొట్ట నడిమిన కొట్టలేదు, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చాడు. మధ్యలో కొడితే రేకు సాగి ఉబ్బుతుందట. "ఇరగలేదు బాబూ, నొక్కుకుపోనాది అంతే," అన్నాడు. అరగంట పట్టింది. ఒక రివెట్ వదులైతే అదీ తీసి కొత్తది వేశాడు. రెండు వందలు తీసుకున్నాడు. ఇప్పటికీ వెలుగు పడితే అక్కడ చిన్న నీడ కనిపిస్తుంది. పెట్టె మాత్రం సుబ్బరంగా మూసుకుంటుంది, తెరుచుకుంటుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాట కూడా న్యాయమైనదే. దేశీయ విమానాల్లో ఎకానమీ చేతి సామానుకు మామూలుగా ఏడు కిలోలే పరిమితి. పేరున్న అల్యూమినియం క్యాబిన్ పెట్టె ఖాళీగానే నాలుగు కిలోలు దాటుతుంది, ఇక సామాను రెండున్నర కిలోలే పెట్టగలం, ఇదేం బేరం అంటారు. నా జవాబు ఒకటే. అదే సైజు గట్టి పాలీకార్బొనేట్ పెట్టె కూడా మూడు కిలోల పైనే ఉంటుంది, అంటే తేడా ఒక కిలో. రెండు రోజుల పనికి వెళ్లేవాడికి రెండు జతల బట్టలు, చెప్పులు, గడ్డం సామాను ఆ రెండున్నర కిలోల్లో వస్తాయి. ల్యాప్‌టాప్ ఎలాగూ భుజాన వేరే సంచిలో ఉంటుంది. నాలుగు రోజుల పెళ్లికి వెళ్లేవాళ్లు ఇది కొనవద్దు. నేను రాస్తున్నది తరచూ తిరిగేవాళ్ల కోసం.

కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది, అది గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో 'అల్యూమినియం ఫ్రేమ్' అని కనిపించే పెట్టెల్లో చాలావాటికి అంచు చట్రం ఒక్కటే అల్యూమినియం, పెంకంతా ప్లాస్టిక్. ఫొటోలో వెండి రంగు చూసి కొనేస్తారు. ఇరవై అంగుళాల పెట్టె మూడు కిలోలే అని రాసి ఉంటే అది పూర్తి లోహం కాదనే అనుమానించండి. పెంకు దేనితో చేశారో విడిగా రాశారేమో చూడండి. షాపులో అయితే వేలితో తట్టండి, రేకు మోత వేరు, ప్లాస్టిక్ మోత వేరు. ఉత్త అల్యూమినియం మెత్తన, అందుకే మంచి పెట్టెల్లో మెగ్నీషియం కలిపిన మిశ్రమం వాడతారు. పైన అనోడైజింగ్ (కరెంటుతో గట్టి పొర కట్టించడం) చేసి ఉండాలి, లేకపోతే తెల్ల చొక్కాకు నల్ల మరక అంటుతుంది.

సైజు దగ్గర ఇంకా జాగ్రత్త. ఇక్కడి విమానాలకు సాధారణంగా చెప్పే కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. విదేశాల్లో చేసే క్యాబిన్ పెట్టెలు చాలావరకు 40 సెంటీమీటర్ల వెడల్పు. గుడ్డ సంచి అయితే నొక్కితే దూరుతుంది, లోహం ఒక్క పిసరు కూడా లొంగదు. కాబట్టి టేపు పట్టుకుని, చక్రాలతో సహా, హ్యాండిల్ డిప్పతో సహా కొలిచి మరీ కొనండి. కంపెనీ చెప్పే కొలతలో చక్రాలు ఒక్కోసారి కలపరు.

తర్వాత లోపలికి చూడండి. మూల తొడుగులు రివెట్లతో బిగించారా, జిగురుతో అతికించారా? చక్రాల స్క్రూలు లోపలి గుడ్డ విప్పితే చేతికి అందుతాయా? విడి చక్రాలు అమ్ముతారా? ఈ మూడింటికీ సమాధానం నచ్చకపోతే బ్రాండ్ ఏదైనా వదిలేయండి. జిప్పు ఉండదు కాబట్టి ఒక బెంగ తీరుతుంది. జిప్పు పెట్టెను బాల్‌పెన్ మొనతో పొడిచి విప్పవచ్చు, తాళం జోలికే పోనక్కర్లేదు, మళ్లీ రన్నర్‌ను అటూ ఇటూ లాగితే ఏమీ జరగనట్టు మూసుకుంటుంది. రాత్రి రైల్లో పెట్టెను బెర్తు కింద వదిలి పడుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రెండు లాకులు టక్కుమని పడే చప్పుడు విన్నాకే నాకు నిద్ర పడుతుంది.

అల్యూమినియం పెట్టె మీద నిలువు గాడులు ఉంటాయి కదా, అవి అందం కోసం కాదు. 1919లో జర్మనీలో హ్యూగో యుంకర్స్ సంస్థ ఎఫ్13 అనే విమానం తయారు చేసింది. పూర్తిగా లోహంతో చేసిన తొలి ప్రయాణికుల విమానం అది. దాని రేకుకు ముడతలు వేశారు, పలచటి రేకు కూడా వంగకుండా నిలబడటానికి. మన ఇళ్ల మీద సిమెంటు రేకుకు, జింకు రేకుకు ముడతలు ఉండేదీ అందుకే. కొలోన్ నగరంలోని రిమోవా కంపెనీ 1937లో అల్యూమినియం ట్రంకు చేసింది. 1950లో ఆ విమానం ముడతలను పెట్టె మీదికి తెచ్చింది. ఈ రోజు ఆ పెట్టె మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. 2016లో ఆ కంపెనీలో 80 శాతం వాటాను ఎల్వీఎంహెచ్ అనే ఫ్రెంచి విలాస వస్తువుల సంస్థ 64 కోట్ల యూరోలకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది.

ఇక్కడికొచ్చాక నేను పెట్టె దగ్గరే ఆగలేను. ఆ లక్ష రూపాయల పెట్టెలో ఉన్న లోహం రెండు మూడు కిలోలు. ప్రపంచ మార్కెట్‌లో కిలో అల్యూమినియం ధర వందల్లోనే. మిగిలిందంతా రేకు సాగదీసినందుకు, ముడత వేసినందుకు, రివెట్ కొట్టినందుకు, పేరు పెట్టినందుకు. ఆ మొదటి ముక్క, చవకైన ముక్క, మన కొండల్లో ఉంది. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ తవ్వి, పద్నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కన్వేయర్ బెల్టు మీద దామన్‌జొడికి దింపుతారు. అక్కడ అది తెల్లటి అల్యూమినా పొడి అవుతుంది. ఆ పొడి కొంత లోహం తీసే అంగుల్ స్మెల్టర్‌కు, కొంత విశాఖ రేవు మీదుగా విదేశాలకు రైలెక్కిపోతుంది. ఈ పని చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నాల్కో పుట్టింది 1981లో. మా రాయగడ జిల్లాలో దొరగుడ దగ్గర ఉత్కళ్ అల్యూమినా ఉత్పత్తి మొదలుపెట్టింది 2013లో. ఇన్నేళ్లలో ఈ రెండు జిల్లాల్లో పొడి దశ దాటి ముందుకు పోలేదు. అల్యూమినియం వస్తువుల పరిశ్రమల కోసం నాల్కో, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఇడ్కో కలిసి పార్కు పెడితే అదీ అంగుల్‌లోనే పెట్టారు.

కరెంటు అక్కడుంది కాబట్టి స్మెల్టర్ అక్కడ పెట్టారు, ఒప్పుకుంటాను. టన్ను అల్యూమినియానికి పదమూడు, పద్నాలుగు వేల యూనిట్ల కరెంటు కావాలి, తాల్చేరు బొగ్గు పక్కనే ఉంది. కానీ రేకును పెట్టె చేయడానికి అంత కరెంటు ఎందుకు? ప్రెస్సు, రివెట్ గన్, పని తెలిసిన చేతులు చాలు. ఆ చేతులు లేవంటారా? దామన్‌జొడికి పక్కనే సునాబెడ ఉంది. అక్కడ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఫ్యాక్టరీలో అరవయ్యో దశకంలో మొదలుపెట్టి మిగ్ విమానాల ఇంజన్లు చేశారు, ఆ తర్వాత సుఖోయ్ ఇంజన్లూ చేశారు. యుద్ధ విమానం ఇంజను చేసిన జిల్లాకు చేతిపెట్టె చేయడం రాదా? గంజాం జిల్లా బెల్లగుంఠలో ఇత్తడి పొలుసులు ఒక్కొక్కటీ అతికి, పట్టుకుంటే అటూ ఇటూ వంగే చేపను చేస్తారు. ఆ నైపుణ్యానికి చక్రం బిగించడం ఓ లెక్కా?

ఈ లోహం కోసం కొండలు తవ్వొద్దని ఎదురు నిలిచి ఇక్కడ మనుషులు ప్రాణాలిచ్చారు కూడా. 2000 డిసెంబర్ 16న కాశీపురం ప్రాంతంలోని మైకంచలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. 2013లో నియమగిరిలో పన్నెండు గ్రామసభలకు పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. వద్దన్న కొండను ముట్టుకోకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇప్పటికే తవ్విన కొండ సంగతి? దాని రాయి పోయింది, పొడి పోయింది, లోహం పోయింది. ఆ లోహంతో చేసిన వస్తువులో కూలి కూడా పోవాలా? ఈ జిల్లాల నుంచి ఐటీఐ చదివి సూరత్‌కు, చెన్నైకి రైలెక్కే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇక్కడ మొదలుపెట్టడానికి అల్యూమినియం పెట్టె మంచి వస్తువు. చిన్నది, ధర ఎక్కువ పలుకుతుంది, చేతిపని ఎక్కువ, పైగా మరమ్మతు పని కూడా పుట్టిస్తుంది.

పోయిన నెల మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరకే వెళ్లాను, ఈసారి చక్రం కోసం. పని అయ్యాక పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు, వేలితో ముడతలు తడిమాడు. "రేకు తెచ్చీ బాబూ, ఇలాటిది నేను చేసిచ్చెత్తాను," అన్నాడు. ఉత్త మాటగా అనలేదు, ఒక పాత క్యాలెండర్ వెనక కొలతలు కూడా రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఊళ్లో మూడు హార్డ్‌వేర్ షాపులు తిరిగాను. కిటికీ ఫ్రేముల అల్యూమినియం ఉంది, గిన్నెలున్నాయి. మెగ్నీషియం కలిసిన ఒక మిల్లీమీటరు రేకు మాత్రం ఎక్కడా లేదు. మూడో షాపతను విశాఖకు ఫోన్ చేసి కనుక్కుని, వారం పడుతుందన్నాడు. అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.